మొదట ఏ సువార్త అంటే, నా ఓటు మార్కుకే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బైబిల్ ఎప్పుడూ చదవలేదు, ఇప్పుడు చదవాలని ఉంది. చర్చికి వెళ్లే పక్కింటావిడ యోహానుతో మొదలుపెట్టమన్నారు, ఆఫీసు స్నేహితుడు వరసగా మత్తయి నుంచి రమ్మన్నాడు, ఎవరి మాట వినాలి?

నేనైతే మార్కు అంటాను. సువార్తలంటే బైబిల్లో యేసు జీవితాన్ని చెప్పే నాలుగు పుస్తకాలు: మత్తయి, మార్కు, లూకా, యోహాను. మార్కు ఆ నాలుగింటిలోనూ చిన్నది, 16 అధ్యాయాలే. మధ్యలో టీ తాగినా రెండు గంటల్లో అయిపోతుంది. రోజుకో అధ్యాయం అని లెక్క పెట్టుకోకుండా మొదటిసారి మాత్రం ఒక్క బిగిన చదవండి. నేను చెప్పే సలహాలో అసలు ముఖ్యమైనది అదే. ఏ సువార్త అన్నది దాని తర్వాతి మాట.

నేను చర్చి వాతావరణంలోనే పెరిగాను. సండే స్కూల్లో కంఠత వాక్యాలు, కొత్త సంవత్సరం ఆరాధనలో తీసుకునే వాగ్దానపు కార్డు, గోడమీద క్యాలెండర్ వాక్యం, వీటి పుణ్యమా అని సువార్తలు ముక్కలు ముక్కలుగా నోటికొచ్చేవి. ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా కథలా వినడం మాత్రం మా బాబాయి దగ్గరే. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, తెనాలిలో ఉంటారు. చర్చికి వెళ్లే మనిషి కాదు. "మీవాళ్లు చెప్పేవి కాదురా, అసలు పుస్తకం ఇవ్వు, నేనే చూస్తా" అంటే మార్కు సువార్త ఇచ్చాను. ఏది చదివినా పైకి చదవడం ఆయనకి అలవాటు. వరండాలో కూర్చుని ఆయన చదువుతుంటే నేను పక్కన కూర్చుని విన్నాను.

తుఫాను ఘట్టం దగ్గర ఆయన ఆగి, వెనక్కి వెళ్లి ఇంకోసారి చదివారు. పడవలోకి నీళ్లు వచ్చేస్తున్నాయి, యేసు మాత్రం వెనక అమరం దగ్గర తలగడ మీద నిద్రపోతున్నాడు. శిష్యులు లేపి, కాపాడు అనైనా అనరు, "నీకు చింతలేదా?" అని గదమాయిస్తారు. ఇదే తుఫాను మత్తయిలోనూ లూకాలోనూ ఉంది. తలగడ మాత్రం మార్కులోనే ఉంది, ఆ దెప్పిపొడుపు కూడా ఇక్కడే. యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన పేతురు దగ్గర విని మార్కు రాశాడని రెండో శతాబ్దం నుంచీ ఒక సంప్రదాయం ఉంది. పండితులు దాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, పడవలో ఉన్నవాడు చెప్పినట్టే ఉంటుంది ఆ ముక్క.

ఇంకాస్త ముందుకెళ్లాక, "ఈ పన్నెండుమందికి ఏం చెప్పినా బుర్రకెక్కదేంట్రా!" అన్నారు బాబాయి. నిజమే. అయిదు వేలమందికి భోజనం పెట్టడం చూశారు, తర్వాత నాలుగు వేలమందికి పెట్టడమూ చూశారు. ఆ వెంటనే 8వ అధ్యాయంలో పడవలో ఒక్కటే రొట్టె ఉందని టెన్షన్ పడతారు. కొత్తగా చదివేవాళ్లకి మార్కు సరిపోతుందనడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. ఈ పుస్తకంలో యేసు పక్కనే తిరిగేవాళ్లకే ఆయన అర్థం కాడు. మీకు అర్థం కాకపోతే సిగ్గుపడే పనేం లేదు, పేతురు కూడా మీ బెంచీలోనే ఉన్నాడు.

ఇక నాలుగింటినీ కలిపేయడం గురించి. మనకి యేసు కథ తెలుసు అనుకుంటాం, క్రైస్తవులు కానివాళ్లు కూడా. ఆ తెలిసిన కథ నాలుగు సువార్తలనూ కలిపి వండింది. క్రిస్మస్‌కి పెట్టే పశువుల పాక చూడండి, అందులో జ్ఞానులూ గొర్రెల కాపరులూ పక్కపక్కనే నిలబడతారు. జ్ఞానులు మత్తయిలోనే ఉంటారు, కాపరులు లూకాలోనే ఉంటారు. మార్కులో, యోహానులో పుట్టుక కథే లేదు. గుడ్ ఫ్రైడే రోజు మన చర్చిల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు ఉంటాయి, మాటకొకరు చొప్పున ఏడుగురు మాట్లాడతారు. ఆ ఏడూ ఒకే సువార్తలో ఎక్కడా లేవు. తండ్రీ వీరిని క్షమించు, నేడే నాతో పరదైసులో (పరలోకంలో) ఉంటావు, నీ చేతికి నా ఆత్మను అప్పగిస్తున్నాను అనే మూడూ లూకావి. తల్లిని శిష్యుడికి అప్పగించడం, దప్పిక, సమాప్తమైనది అనే మూడూ యోహానువి.

మార్కుకి మిగిలేది ఒక్కటే, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" అదొక్కటే మత్తయిలోనూ ఉంది. ఏడు మాటల ప్రసంగాల్లో నాలుగోదిగా వచ్చేటప్పటికి అటూ ఇటూ ఓదార్పు ఉంటుంది. మార్కులో అలా ఏమీ ఉండదు. శిష్యులు పారిపోయారు, పేతురు ఎరగనన్నాడు, దారినపోయేవాళ్లు తలలూపుతూ వెక్కిరిస్తున్నారు, మధ్యాహ్నం చీకటి కమ్మింది, ఆ కేక ఒక్కటే వినిపిస్తుంది. అది పాత నిబంధనలోని (బైబిల్లో యేసుకి ముందరి భాగం) 22వ కీర్తన మొదటి వాక్యమని తర్వాత తెలుసుకోవచ్చు. ఆ కేక తర్వాత, పక్కన నిలబడిన రోమా శతాధిపతి, అంటే సైనికాధికారి, "నిజముగా ఈ మనుష్యుడు దేవుని కుమారుడే" అంటాడు. ఈ సువార్త మొదటి వాక్యంలోనే ఆ మాట ఉంది, మధ్యలో దయ్యాలు కూడా అరిచాయి, కానీ కథలో ఒక మనిషి నోటినుంచి రావడం ఇక్కడే. ముక్కలుగా చదివితే ఈ సంగతి కనపడే అవకాశమే లేదు. అందుకే మొదటిసారి మిగతా మూడింటినీ పక్కన పెట్టేయమంటున్నాను. "ఇది మత్తయిలో ఇంకోలా ఉందే" అని అటూ ఇటూ పేజీలు తిప్పకండి.

అధ్యాయాల నంబర్లు చూసి కూడా ఆగకండి. అవి 13వ శతాబ్దంలో పెట్టినవి, వచనాల నంబర్లు 16వ శతాబ్దంలో వచ్చాయి. మధ్యలో లావు అక్షరాల్లో ఉండే శీర్షికలైతే అచ్చువేసినవాళ్లు చేర్చినవే. 5వ అధ్యాయంలో యాయీరు కూతురి కథ మొదలై, మధ్యలో రక్తస్రావంతో బాధపడే స్త్రీ కథ దూరి, మళ్లీ కూతురి దగ్గరికి వస్తుంది. ఆ స్త్రీ జబ్బు 12 ఏళ్లది, ఆ పిల్ల వయసు 12 ఏళ్లు. శీర్షిక దగ్గర ఆగిపోతే రెండు కథల్నీ ఎందుకు కలిపి చెప్పాడో తట్టదు. పాపం ఆవిడ ఎందరో వైద్యుల దగ్గర తిప్పలుపడి, ఉన్నదంతా ఖర్చుపెట్టుకుని, ఇంకా ఇబ్బందిపడిందని మార్కు దాచకుండా రాశాడు. లూకా మాత్రం ఎవరివల్లా నయం కాలేదని ఊరుకున్నాడు. సంప్రదాయం ప్రకారం లూకా వైద్యుడు, సాటి డాక్టర్ల పరువు కాపాడాడని చర్చిల్లో సరదాగా అంటుంటారు.

కష్టమైన చోట్లు మార్కులోనూ ఉన్నాయి. 13వ అధ్యాయం దేవాలయం నాశనం గురించి, రాబోయే కాలం గురించి. మొదటిసారి ఆగకుండా దాటేయండి. 7వ అధ్యాయంలో ఒక పరదేశి స్త్రీతో, పిల్లల రొట్టె కుక్కపిల్లలకి వేయడం తగదని యేసు అనడం, 11లో అంజూరపు చెట్టును శపించడం చదివితే చివుక్కుమనే అవకాశం ఉంది. పెన్సిలుతో పక్కన గీత పెట్టుకుని ముందుకెళ్లండి. చివర్లో ఇంకొకటి ఉంది. బాగా పాత చేతిరాత ప్రతుల్లో ఈ సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది, సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు అన్నచోట. చాలా బైబిళ్లలో 9 నుంచి 20 దాకా కూడా అచ్చయి ఉంటాయి. బాబాయి 8 దగ్గర ఆపి, "ఇక్కడితో అయిపోయినా బాగుండేదిరా, మిగతాది మనమే కనుక్కోవాలి" అన్నారు. పాత ప్రతుల సంగతి ఆయనకి తెలియదు.

మిగతా మూడింటి గురించి త్వరగా చెప్పేస్తాను. మత్తయి వంశావళితో మొదలవుతుంది. అబ్రాహాము, దావీదు, బబులోను చెర అంటే ఏమిటో తెలిసినవాళ్లకి అది భలే ప్రారంభం. ప్రవక్త చెప్పింది నెరవేరింది అని అడుగడుగునా గుర్తుచేస్తాడు. పాత నిబంధన తెలియనివాళ్లకి అవన్నీ తలుపులేని గోడల్లా తగులుతాయి. మీ స్నేహితుడు వరసగా చదవమనడం పుస్తకంలో ముందున్నది కాబట్టే అయితే, అది పెద్ద కారణం కాదు. పండితుల్లో ఎక్కువమంది మార్కే ముందు రాసిందనీ, మత్తయి, లూకా దాన్ని వాడుకున్నారనీ అంటారు. కాకపోతే మీకు కథకన్నా బోధ మీదే ఆసక్తి ఉంటే, మత్తయి 5 నుంచి 7 దాకా కొండమీద ప్రసంగం నేరుగా చదివేయొచ్చు. గాంధీగారి మనసుకి హత్తుకున్నది అదే.

యోహాను విషయంలో పక్కింటావిడతో పోట్లాడను. నమ్మించాలనే రాశానని ఆ సువార్తే 20వ అధ్యాయం చివర చెబుతుంది, అందుకే చాలామంది కొత్తవాళ్ల చేతిలో పెట్టేది కూడా అదే. మాటలు తేలికే. కానీ ఆ సంభాషణలు రెండంతస్తుల్లో నడుస్తాయి. మళ్లీ పుట్టాలి అని యేసు అంటే, నీకొదేము అనే యూదు పెద్ద, ముసలివాడు తల్లి కడుపులోకి ఎలా వెళతాడని అడుగుతాడు. జీవజలం అంటే సమరయ స్త్రీ చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదే, బావి లోతు కదా అంటుంది. 14 నుంచి 17 దాకా దాదాపు అంతా ఆయన మాటలే. ఆయన ఎవరో, ఎలా తిరిగాడో, ఎవరితో గొడవపడ్డాడో మార్కులో చూసి వెళితే, ఆ మాటలు గాలిలో తేలకుండా ఒక మనిషి నోటినుంచి వచ్చినట్టు వినిపిస్తాయి.

అనువాదం సంగతి: పెద్దవాళ్లు వాడే పాత తెలుగు బైబిల్ భాష నాకు ప్రాణం, కానీ ఒక్క బిగిన చదవడానికి వాడుక భాషలో ఉన్నది తీసుకోండి. ఫోన్‌లో ఆడియో పెట్టుకుని వినొచ్చు కూడా. మీరు కాథలిక్ గుడికి వెళుతుంటే ఒక సౌకర్యం ఉంది. ఆదివారం పఠనాలు ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా ప్రధానంగా సాగుతాయి. రెండోది ఏది చదవాలో తేల్చుకోలేకపోతే ఆ ఏటి సువార్త పట్టుకోండి, ప్రసంగం కూడా కలిసొస్తుంది.

ఆ వీలు లేకపోతే మార్కు తర్వాత లూకా. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు, మేడిచెట్టెక్కిన జక్కయ్య ఉన్నది అందులోనే, వేరే ఎక్కడా లేరు. అది అవగానే, బైబిల్లో సువార్తల తర్వాత వచ్చే అపొస్తలుల కార్యములు చదవండి. రెండూ థెయొఫిలా అనే ఆయన్ని ఉద్దేశించి రాసినవే, ఒకే కథకి రెండు భాగాలు. ఆ తర్వాత యోహాను తీసుకుని, ఆ సమరయ స్త్రీ కథ ఉన్న 4వ అధ్యాయం చదివే రోజు పక్కింటావిణ్ణి కూడా కూర్చోబెట్టుకోండి, ఆవిడ దగ్గర చెప్పడానికి చాలా ఉంటుంది.