ఓటు వేయడం తప్ప చట్టాలు మార్చడంలో యువతకు నిజంగా పాత్ర ఉంటుందా?

ఉంటుంది. చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో నిర్భయపై ఆ సామూహిక అత్యాచార ఘోరం జరిగినప్పుడు నేను హైదరాబాద్‌లో పీజీ చదువుతూ దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. ఇండియా గేట్ దగ్గర చలిలో వాటర్ కెనాన్లకు ఎదురు నిలబడ్డ స్టూడెంట్లను టీవీలో చూసి మేమూ కొవ్వొత్తులు పట్టుకుని నడిచాం. వారం తిరక్కుండానే మహిళలపై నేరాల చట్టాల్లో ఏం మార్చాలో చెప్పమని కేంద్రం సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ వేసింది. జనవరి 5 లోగా ఎవరైనా సలహాలు పంపొచ్చని ప్రకటన వచ్చింది.

మా రూమ్మేట్‌కి అప్పటికే ఒక బాధ ఉంది. ఒకడు రోజూ బస్టాప్ నుంచి హాస్టల్ గేటు దాకా వెంటపడేవాడు. ఏమీ అనడు, ముట్టుకోడు, గేటు ఎదురుగా నిలబడతాడు అంతే. ఆ అమ్మాయి టెన్షన్‌తో సాయంత్రం క్లాసులు మానేసింది. ధైర్యం చేసి స్టేషన్‌కి వెళితే అక్కడున్నాయన "నిన్ను ముట్టుకోలేదు, తిట్టలేదు కదమ్మా, ఏమని రాయమంటావు కేసు?" అని పంపించేశాడు. కాగితం కూడా తీసుకోలేదు.

లా చదివే ఒక సీనియర్ అక్క ఐపీసీ పుస్తకం తెచ్చి మా ముందు పెట్టింది. 354 (మహిళ మీద దౌర్జన్యం), 509 (మాటలతో, సైగలతో అవమానించడం) సెక్షన్లు ఉన్నాయి కానీ వెంటపడటం అనేది విడిగా నేరమని ఎక్కడా లేదు. ఆ రాత్రి మంచాల మీద కూర్చుని జరిగింది జరిగినట్టు తెలుగులో రాశాం. వెంటపడటాన్ని నేరంగా రాయండి, ఫిర్యాదు తీసుకోని పోలీసుకూ శిక్ష పెట్టండి అని అడిగాం. అక్క దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టింది. తెల్లారి నెట్ సెంటర్ నుంచి ఈమెయిల్ చేశాం.

కమిటీకి దాదాపు 80 వేల సూచనలు వెళ్లాయి. జనవరి 23న నివేదిక ఇచ్చేశారు. ఏప్రిల్‌కల్లా చట్టం మారింది. వెంటపడటానికి 354డి వచ్చింది. అత్యాచారం, 354, 509 లాంటి కొన్ని నేరాల ఫిర్యాదు నమోదు చేయని అధికారికి జైలుశిక్ష పెడుతూ 166ఎ వచ్చింది, కానీ ఆ జాబితాలో వెంటపడటం లేదు. 2024 జులై నుంచి ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అవే 78, 199 సెక్షన్లు. మాలాంటి వాళ్లు రాసి పంపిన కాగితాల వల్లే అవి వచ్చాయని ఈ రోజుకీ నమ్ముతాను.

ఆ రోజుల్లో ఎక్కువ ప్లకార్డుల మీద ఉన్నది "ఉరి తీయండి" అనే మాట. కమిటీ మాత్రం మరణశిక్ష సిఫారసు చేయలేదు. ప్రభుత్వం తర్వాత కొన్ని సందర్భాలకు దాన్ని చేర్చింది, అది వేరే సంగతి. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, కోపం కమిటీని వేయిస్తుంది గానీ సెక్షన్‌ను రాయించేది మాత్రం స్టేషన్‌లో, బస్టాప్‌లో ఏం జరిగిందో వివరంగా చెప్పిన వాళ్లే. మన కాలేజీల్లో ర్యాలీకి బస్సు పెడతారు, ఒక బిల్లు తెచ్చి చదివించే లెక్చరర్ మాత్రం దొరకడు.

ఇంకో కోపం భాష మీద. బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని 2014 నుంచి కేంద్రం విధానం ఉంది. పెట్టినప్పుడు కూడా చాలావరకు ఇంగ్లిష్, హిందీలోనే. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న భాషలన్నింటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. పల్లెటూరి డిగ్రీ పిల్లలు తమకు తెలియని భాషలో ఉన్న చట్టం మీద సలహా ఎలా ఇస్తారు? తెలుగు కాపీ అడగడం మన హక్కు అనే నేను అంటాను.

వర్మ కమిటీ చెప్పినవన్నీ తీసుకోలేదు కూడా. భార్య మీద భర్త చేసే బలాత్కారానికి ఉన్న మినహాయింపు తీసేయమన్నారు. కొత్త న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఆ మినహాయింపు అలాగే ఉంది. ఇప్పుడు డిగ్రీ చదివే వాళ్లు పట్టుకోవాల్సిన పని అది. మీరు ఏ చట్టం గురించి ఆలోచిస్తూ ఈ ప్రశ్న అడిగారో కింద రాయండి. సెక్షన్ వెతకడంలో, సూచన రాయడంలో నేను సాయం చేస్తాను.