వీర్యమా, శుక్రమా?

సందేహం: మగవారి కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ శిబిరానికి కరపత్రం రాస్తున్నాం. 'ఆపరేషన్ తరువాత కూడా వీర్యం వస్తుంది, అందులో వీర్యకణాలు రావు' అని రాశాను. డాక్టరుగారు 'వీర్యకణాలు' కొట్టేసి 'శుక్రకణాలు' అని దిద్దారు. రెండూ ఒకటే కదా? ఏది సాధువు? – ఒక ఆరోగ్య కార్యకర్త

సమాధానం: రెండూ సాధువులే. 'శుక్రం తేజోరేతసీ చ బీజవీర్యేంద్రియాణి చ' అని అమరకోశంలో అమరసింహుడు ఆరు పేర్లనూ ఒకే పంక్తిలో కట్టిపడేశాడు. నిఘంటువు అడిగితే జవాబు ఇంతే. కానీ డాక్టరుగారి కలం ఊరికే కదల్లేదనిపిస్తోంది.

వీర్యం అంటే మొదట వీరుడి గుణం. బలం, పరాక్రమం, ప్రభావం. ఆయుర్వేదంలో మందుకూ వీర్యం ఉంటుంది: మిరియం ఉష్ణవీర్యం. అదే ఆయుర్వేదం సప్తధాతువులను లెక్కపెట్టేటప్పుడు ఏడోదాన్ని శుక్రం అంది చూడండి. ఇక మన పత్రికలున్నాయి. పోలీసులు బాంబును 'నిర్వీర్యం' చేస్తారు, ప్రభుత్వాలు వ్యవస్థలను 'నిర్వీర్యం' చేస్తాయి. పొద్దున్నే కాఫీతో పాటు ఈ మాట తాగే మనిషికి మీరు 'వీర్యకణాలు రావు' అని కాగితం చేతికిస్తే, తనను కూడా బాంబులాగే చేసి పంపుతారేమోనని జడుసుకోడూ? ఆ భయంలో సగం మన మాట పెట్టిందే.

శుక్రానికి ఈ బడాయి లేదు. శుచ్ ధాతువు, వెలగడమని అర్థం. తెల్లవారుజామున వెలిగే వేగుచుక్కకు శుక్రుడని పేరు వచ్చింది ఇందుకే. రేఫ లకారమైతే శుక్లం, తెలుపు. శుక్లపక్షం అదే, శుక్లశోణితాలు అదే. కంట్లో పొర తెల్లబడితే మనవాళ్లు దాన్నీ శుక్లమే అన్నారు. 'శుక్లాల ఆపరేషన్' అని కరపత్రంలో రాశారా, ఊళ్లో ముసలివాళ్లంతా కళ్లజోళ్లు తుడుచుకుంటూ మీ శిబిరానికి వస్తారు! పేరులో ఉన్నది రంగే, పౌరుషం కాదు.

ఒంట్లో జరిగేదీ ఈ మాటకే సాక్ష్యం. శుక్రకణాలు వృషణాల్లో పుట్టి, వాటి వెనక చుట్టచుట్టుకుని ఉన్న ఎపిడిడిమిస్‌లో ముదురుతాయి. ఆ చుట్టను సాగదీస్తే సుమారు 6 మీటర్లు, ఒక చీర పొడవు. అక్కడినుంచి శుక్రవాహిక పైకి తీసుకుపోతుంది. ఆపరేషన్‌లో కత్తిరించి ముడివేసేది ఈ వాహికనే. బయటికి వచ్చే ద్రవంలో శుక్రకణాల వాటా నూటికి 5 పాళ్లకు మించదు. తక్కినదంతా శుక్రాశయాలూ ప్రోస్టేటూ అనే గ్రంథులు ఊరించేదే, అది ఎప్పటిలాగే వస్తుంది. మగతనాన్నిచ్చే టెస్టోస్టిరాన్ అసలు ఆ దారినే పోదు, నేరుగా నెత్తుటిలో కలుస్తుంది. కాబట్టి ఆ వీరుడి వీర్యం ఎక్కడికీ పోలేదు.

మిగిలిన పేర్లు: రేతస్సు పురాణాలకు సరిపోతుంది. తేజస్సు ముఖాలకెక్కింది. ఇంద్రియం కన్నూ ముక్కూ అయింది. బీజం వద్దే వద్దు; పల్లెల్లో బీజాలంటే వృషణాలే, వరిబీజం తెలియనిదెవరికి?

కణాలకు డాక్టరుగారి దిద్దుబాటే ఉంచండి. ద్రవానికి కూడా శుక్రమే అనాలని నాకుంది గాని, విన్నవాళ్లు శుక్రవారం అనుకుంటే? జనం నోట ఉన్న మాట వీర్యమే. ఒకసారి నలుగురికి చదివి వినిపించి, మీరే తేల్చుకోండి.

పోతే, మీ వాక్యంలో నాకు అసలు నచ్చనిది 'రావు'. మన వ్యతిరేక క్రియకు కాలం పట్టదు. 'రావు' అంటే నేడూ రావు, రేపూ రావు. వాహికలో అప్పటికే చేరి ఉన్న కణాలు ఈ వ్యాకరణం వినవు, కొన్ని వారాలు వస్తూనే ఉంటాయి. '3 నెలల దాకా గర్భం రాకుండా వేరే జాగ్రత్త పాటించాలి, పరీక్షలో శుక్రకణాలు లేవని తేలాకే మానాలి' అని చేర్చండి.