స్లో సినిమా భయపెట్టదా? అడవి పక్క ఊరివాడిగా నా జవాబు

‘ది విచ్’ అనే ఇంగ్లిష్ హారర్ సినిమా చూడటానికి బాగుంది కానీ అరగంటకే నిద్రొచ్చింది, ఇంత స్లో సినిమాను ఎందుకు పొగుడుతారు అని ఒకరు అడిగారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. మొత్తం కలిపి గంటన్నర సినిమా. మన సినిమా ఇంటర్వెల్ దాటి కొంచెం ముందుకు పోయేసరికి ఇది అయిపోతుంది.

మాది నల్లగొండ జిల్లా చందంపేట వైపు, నల్లమల అంచున ఊరు. చేను అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. పల్లికాయ చేనుకు రాత్రిపూట కావలి పోయినవాళ్ళను అడగండి. అడవిపంది వచ్చాక భయం ఉండదు, అరుస్తాం, డబ్బా కొడతాం. అది రాకముందు చెట్ల వైపు చూస్తూ కూర్చునే గంటలుంటాయి చూడండి, భయమంతా అక్కడే. దర్శకుడు రాబర్ట్ ఎగ్గర్స్ తన మొదటి సినిమా ‘ది విచ్’లో పట్టుకున్నది ఆ గంటలనే. 1630ల నాటి న్యూ ఇంగ్లండ్‌లో, అంటే ఇప్పటి అమెరికా ఈశాన్యంలో, ఊరి నుంచి వెలివేసిన కుటుంబం అడవి పక్కన ఇల్లు కట్టుకుంటుంది. పసిబిడ్డ మాయమవుతాడు. మక్క కంకులకు బూజు పడుతుంది. తండ్రి ఏమీ చేతకాక కట్టెలు కొడుతూనే ఉంటాడు. పంట పోయిన ఇంట్లో మనుషులు ఒకరి మీద ఒకరు ఎట్లా విరుచుకుపడతారో మా జిల్లాలో ఎవరికీ వివరించక్కర్లేదు.

ఈ సినిమాను మా చిన్నాయనతో కలిసి చూశాను. ఆయనకు ఇంగ్లిష్ రాదు. ఇందులో ఉన్నది దాదాపు నాలుగు వందల ఏళ్ళ నాటి ఇంగ్లిష్, అది నాకే సగం అర్థం కాదు. చిన్నాయన మంచం మీద ఒరిగి చూస్తున్నాడు. నల్ల మేకపోతు వచ్చింది. కెమెరా దాని మీదే ఆగింది. ఆయన లేచి కూర్చున్నాడు.

‘‘ఆపు. మళ్ళా ఎనకకు పెట్టు’’ అన్నాడు. పెట్టాను.

‘‘సూడు బిడ్డా, చెవులు ఆడిస్తలేదు. మనిషి దిక్కే సూస్తుంది. అట్ల నిలవడ్డ పోతు దగ్గరికి పిల్లల్ని పోనియ్యొద్దు. పొడుస్తది.’’

బతుకంతా మేకలు కాసిన మనిషి ఆయన. ఇక మళ్ళీ ఒరగలేదు. చివరికి వచ్చేసరికి ఆయన అన్నంత పనీ అయింది. ఆ షాట్‌ను రెండు సెకన్లలో కత్తిరించి, మీద ఒక పెద్ద శబ్దం పడేసి ఉంటే చెవులు ఎవరు చూసేవాళ్ళు?

బాగా తీశారు కానీ స్లో అంటారు. ఆ రెండూ ఒకటే పని. కెమెరామన్ జారిన్ బ్లాష్కే పగలు చాలావరకు సహజమైన వెలుతురులోనే తీశాడు, రాత్రి ఇంట్లో సీన్లు కొవ్వొత్తుల వెలుగులో తీశాడు. కొవ్వొత్తి వెనక చీకట్లో ఏముందో కనపడాలంటే కంటికి కొంత టైమ్ కావాలి. ఆ టైమ్ ఇచ్చినందుకే బోర్ అంటున్నాం. దానికితోడు ట్యూబ్‌లైట్ వేసుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని చూస్తాం. చాలా కొత్త టీవీల్లో కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ అని ఒకటి ఆన్ చేసే ఇస్తారు, ఎంత గొప్పగా తీసిన సినిమా అయినా సీరియల్ లాగా కనపడుతుంది. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అది ఆపేయండి.

అమెరికాలో కూడా థియేటర్ నుంచి బయటికొచ్చిన జనం సినిమాస్కోర్ సర్వేలో దీనికి సీ మైనస్ ఇచ్చారు, అంటే బాగా తక్కువ గ్రేడ్. అయినా సుమారు 40 లక్షల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 కోట్ల డాలర్లు రాబట్టింది. ఓపికగా చూసేవాళ్ళు లేరనే మాట నేను ఒప్పుకోను.

నా అసలు బాధ వేరే. మన దెయ్యం సినిమాలన్నీ ఒక పాత బంగళాలోనే ఎందుకు తిరుగుతాయి? దెయ్యం కనపడిన ఐదు నిమిషాలకు కామెడీ ట్రాక్ ఎందుకు? దేవరకొండ గుట్టలున్నాయి, డిండి నీళ్ళున్నాయి, నల్లమల ఉంది. పోయిన పంట, ఎండిన బోరు, ఇంట్లో పెరిగే అనుమానం, ఇవన్నీ మన దగ్గర ఉన్నవే. స్టార్లు అక్కర్లేదు, సెట్లు అక్కర్లేదు. కెమెరాను ఒక చోట నిలబెట్టే ధైర్యం ఉంటే చాలు. అట్లా తీసే కుర్రాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మా చేలు నేనే దగ్గరుండి చూపిస్తాను. కార్తీకంలో రండి, అప్పటికి కంది మనిషెత్తు ఉంటుంది.