‘శాంక్షన్’ అంటే మంజూరా, ఆంక్షా?

‘శాంక్షన్’ అనే మాటకు నిఘంటువులో అనుమతి, శిక్ష అనే రెండర్థాలూ ఉన్నాయని, వాక్యంలో ఏది తీసుకోవాలో ఎలా తెలుస్తుందని అడిగారు. ఈ చిక్కులో నేనూ పడ్డాను. అప్పు శాంక్షన్ అయింది, సెలవు శాంక్షన్ అయింది అని వింటూ పెరిగినందువల్ల, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్‌పై 1990లో ఐక్యరాజ్య సమితి విధించిన శాంక్షన్స్ గురించి ఒక ఇంగ్లీషు వ్యాసంలో చదివి, దండెత్తిన దేశానికి వీళ్లంతా కలిసి ఏం మంజూరు చేశారా అని తికమకపడ్డాను. వాణిజ్యం నిలిపివేత ప్రస్తావన వచ్చాక గాని నా పొరపాటు తెలియలేదు.

తరువాత ఆ మాట మూలం వెతికాను. లాటిన్‌లో ‘సాంకీరే’ అంటే ఒకదాన్ని పవిత్రమైనదిగా, ఉల్లంఘించరానిదిగా శాసించడం. సెయింట్, శాంక్చువరీ అనే మాటలూ ఆ కుదురువే. రోమన్ చట్టంలో, దాన్ని మీరినవారికి పడే శిక్షను చెప్పే భాగాన్ని ‘సాంక్టియో’ అనేవారు. శాసనంగా ఆమోదించడం, శాసనం మీరితే దండించడం ఒకే పనికి రెండు కొసలని తెలిశాక, ఈ రెండర్థాలూ నాకు పరస్పర విరుద్ధాలుగా కనిపించడం మానేశాయి.

వాడుకలో నాకు ఎక్కువగా పనికివచ్చినది పక్కమాటలను చూడడం. ‘శాంక్షన్స్’ అని బహువచనంలో ఉండి, దగ్గరలో ‘ఇంపోజ్’ గాని ‘లిఫ్ట్’ గాని, వెనక ‘ఆన్’ లేదా ‘అగెన్‌స్ట్’ గాని ఉంటే అవి దాదాపు ఎప్పుడూ ఆంక్షలే. (శాంక్షన్, ఆంక్ష అనే మాటల ధ్వని కలవడం యాదృచ్ఛికమే అయినా, గుర్తుంచుకోవడానికి మాత్రం బాగుంటుంది.) ‘వితౌట్ ద శాంక్షన్ ఆఫ్’ అని ఏకవచనంలో వస్తే అది అనుమతి.

క్రియగా వచ్చినప్పుడే అసలు ఇబ్బంది. సాధారణ రచనలో ‘శాంక్షన్డ్’ అంటే ఆమోదించారనే అర్థం. ‘స్టేట్-శాంక్షన్డ్’ అంటే ప్రభుత్వ ఆమోదం ఉన్నదని. అయితే న్యాయస్థానాల, నియంత్రణ సంస్థల భాషలో ‘ద కోర్ట్ శాంక్షన్డ్ ద లాయర్’ అంటే ఆ న్యాయవాదిని శిక్షించిందని. అందుకే చదివేటప్పుడు అది ఏ రంగపు రచనో ముందు చూసుకుంటాను. రాసేటప్పుడైతే ఆ క్రియ జోలికి పోకుండా ‘అప్రూవ్’ అనో ‘పెనలైజ్’ అనో రాస్తాను.