షుగర్, బీపీ ఉన్నవాళ్లకు కాలేయ కేన్సర్ ఆపరేషన్ తర్వాత ఎలా ఉంటుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. పొట్ట బాగా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు ఎప్పుడూ ఎక్కువే. మందు, సిగరెట్ అలవాటు లేదు. హెపటైటిస్ బి, సి పరీక్షలు నెగెటివ్. వేరే సమస్యకు స్కాన్ తీస్తే కాలేయం కుడి భాగంలో 6 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. అయిదు నెలల కిందట ఆపరేషన్ చేసి తీసేశారు. బయాప్సీ రిపోర్టులో హెపటోసెల్యులర్ కార్సినోమా అని, కోత అంచుల్లో కేన్సర్ లేదని, మైక్రోవాస్కులర్ ఇన్వేజన్ ఉందని, మిగతా కాలేయంలో ఫైబ్రోసిస్ రెండో దశ అని రాశారు. ఆపరేషన్ తర్వాత న్యుమోనియా వచ్చి, రక్తం కూడా ఎక్కించి, మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉంచారు. షుగర్, బీపీ, లావు అన్నీ ఉన్నవాళ్లకు ఈ కేన్సర్ తప్పకుండా తిరగబెడుతుందని, ఎక్కువ కాలం ఉండరని బంధువులు అంటున్నారు. మందులు కాలేయాన్ని పాడుచేస్తాయని నాన్నగారు కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. షుగర్ మాత్రలు కూడా ఆపేస్తానంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కంగారుపెట్టింది ఆ మాత్రల సంగతి. బయాప్సీ రిపోర్టును ఇప్పుడు ఎవరూ మార్చలేరు. మాత్రల విషయం మాత్రం ఈ వారంలోనే సరిచేసుకోవచ్చు. అక్కడికి వస్తాను. ముందు బంధువుల మాటలో నిజమెంతో చూద్దాం.

నడుము చుట్టుకొలత, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్, బీపీ, పరగడుపు షుగర్. ఈ అయిదింటిలో ఏ మూడు గతి తప్పినా మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం. మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్నగారికి నాలుగు ఉన్నట్టే. ఇవి కలిసి ఏళ్ల తరబడి కాలేయంలో కొవ్వు పేరుకునేలా చేస్తాయి. కొందరిలో ఆ కొవ్వు వాపుకు, వాపు కాలేయం గట్టిపడటానికి (ఫైబ్రోసిస్) దారితీస్తుంది. కాలేయ కేన్సర్ ఎక్కువగా సిరోసిస్ (కాలేయం గట్టిపడటంలో చివరి దశ) ఉన్నవాళ్లలోనే వస్తుంది కానీ, కొవ్వు కాలేయం ఉన్నవాళ్లలో సిరోసిస్ రాకముందే గడ్డ పుట్టడం అరుదేమీ కాదు. సిరోసిస్ లేదు కాబట్టి ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకోమని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. అందుకే మీ నాన్నగారిలాగే వేరే పని మీద తీసిన స్కాన్‌లో, గడ్డ అయిదారు సెంటీమీటర్లు పెరిగాక బయటపడుతుంది.

ఇలాంటివాళ్లకు ఆపరేషన్ తర్వాతి మొదటి రెండు మూడు నెలలు నిజంగానే కష్టకాలం. కొవ్వు పట్టిన కాలేయం నుంచి కోత సమయంలో రక్తం ఎక్కువ పోతుంది. మిగిలిన ముక్క తిరిగి పెరగడమూ నెమ్మదిస్తుంది. ఆరోగ్యమైన కాలేయమైతే అయిదో వంతు నుంచి నాలుగో వంతు మిగిల్చినా నెట్టుకొస్తుంది. కొవ్వు బాగా పట్టినదైతే కనీసం 30 శాతం, సిరోసిస్ ఉంటే 40 శాతం దాకా మిగలాలని సర్జన్లు లెక్క వేసుకుంటారు. దానికి తోడు గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు అప్పటికే షుగర్, బీపీల దెబ్బ తిని ఉంటాయి. న్యుమోనియా, గుండె లయ తప్పడం, కడుపులో నీరు చేరడం, గాయం మానకపోవడం వీళ్లలో ఎక్కువ. ఆపరేషన్ చుట్టుపట్ల మరణాలు కూడా కొన్ని అధ్యయనాల్లో ఎక్కువగానే కనిపించాయి. మీ నాన్నగారు మూడు వారాలు ఆసుపత్రిలో ఉండటం వెనక కథ ఇదే. ఆ గండం ఆయన దాటేశారు.

దీర్ఘకాలం సంగతి వేరు, అక్కడ బంధువుల మాట నిలబడదు. హెపటైటిస్ వైరస్‌లు లేకుండా కేవలం మెటబాలిక్ కారణాలతో కేన్సర్ వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఆయుష్షు, వైరస్ వల్ల కేన్సర్ వచ్చినవాళ్లకన్నా తక్కువేమీ లేదని చాలా అధ్యయనాలు చూపించాయి. కొన్నిటిలో కాస్త మెరుగ్గా కూడా ఉంది. మిగిలిన కాలేయం తక్కువ దెబ్బతిని ఉండటం, గడ్డ పెద్దదైనా ఒకటే ఉండటం అందుకు కొంత కారణం. హెపటైటిస్ బి ఉండి, దానికి మెటబాలిక్ సిండ్రోమ్ తోడైనవాళ్లలో మాత్రం రెండేళ్లు దాటాక తిరగబెట్టడం ఎక్కువగా చూస్తున్నాం. మీ నాన్నగారు ఆ కోవలోకి రారు. అయినా ‘హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ’ పరీక్ష చేశారో లేదో పాత ఫైలు తిరగేయండి. మామూలు బి పరీక్ష నెగెటివ్ వచ్చినా ఎప్పుడో వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్ జాడ అందులో తెలుస్తుంది.

తిరగబెట్టే అవకాశం ఈ కేన్సర్‌లో ఎవరికైనా ఎక్కువే. దాన్ని దాచి లాభం లేదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో అయిదేళ్లలోపు సగం మందికి పైగా, కొన్ని లెక్కల్లో 70 శాతం దాకా మళ్లీ కనిపిస్తుంది. అయితే ఇది రెండు రకాలు. మొదటి రెండేళ్లలో వచ్చేది చాలావరకు పాత గడ్డ తాలూకుదే. ఆపరేషన్ నాటికే సూక్ష్మమైన రక్తనాళాల్లోకి జారుకున్న కణాలు తర్వాత గడ్డగా ఎదుగుతాయి. రిపోర్టులోని మైక్రోవాస్కులర్ ఇన్వేజన్ అంటే అదే. మైక్రోస్కోపు కింద చిన్న రక్తనాళాల్లో కేన్సర్ కణాలు కనిపించాయన్న మాట. గడ్డ 5 సెంటీమీటర్లు దాటింది కాబట్టి ఇది ఆశ్చర్యమేమీ కాదు. మొదటి రెండేళ్ల నిఘా గట్టిగా ఉండాలని అది చెబుతుంది. అంచులు శుభ్రంగా ఉండటం మంచి సంగతి. మీ బంధువులు ఆ వాక్యాన్ని చదివినట్టు లేదు.

రెండో రకం రెండేళ్లు దాటాక వచ్చేది. పాత గడ్డతో సంబంధం లేకుండా, జబ్బుపడిన కాలేయంలో కొత్తగా పుట్టే కేన్సర్ ఇది. గడ్డ పోయినా దాన్ని పుట్టించిన కాలేయం, ఆ షుగరు, ఆ కొవ్వు అలాగే ఉన్నాయి కదా! మొదటి రకం మీద మన అదుపు తక్కువ. రెండో రకం మీద కొంతైనా పట్టు దొరికేది ఇంట్లో మీరు చేసే పనుల దగ్గరే.

మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి కాంట్రాస్ట్‌తో సీటీ గానీ ఎంఆర్ఐ గానీ, ఆ తర్వాత ఆరు నెలలకోసారి చేయించాలి. మామూలు అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టుకోవద్దు. పొట్ట లావుగా ఉండి కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్లలో చిన్న గడ్డలు అందులో సరిగా కనిపించవు. కాలేయ కేన్సర్ జాడ కోసం చేసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష విషయంలో ఒక చిక్కుంది. కొవ్వు కాలేయంలో పుట్టే కేన్సర్లలో చాలావాటికి ఏఎఫ్‌పీ పెరగదు. ఆపరేషన్‌కు ముందు మీ నాన్నగారి ఏఎఫ్‌పీ ఎంత ఉందో చూడండి. అప్పుడే నార్మల్‌గా ఉండి ఉంటే, ఇప్పుడు నార్మల్ వచ్చిందని స్కాన్ వాయిదా వేయకూడదు. కాంట్రాస్ట్ ఇచ్చే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూపించి, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి స్కాన్ సెంటర్లో చెప్పండి.

తిరగబెట్టకుండా ముందే ఏదైనా మాత్ర వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. సొరాఫెనిబ్ అనే కేన్సర్ మాత్ర ఇచ్చి చూశారు. 2015లో వచ్చిన ఫలితాల్లో లాభం కనిపించలేదు. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ల జోడీ మీద 2023లో ఆశ పుట్టింది కానీ, మరికొంత కాలం గమనించేసరికి ఆ లాభం నిలవలేదు. కాబట్టి ‘మా నాన్నకు ఏ మందూ రాయలేదు, నిర్లక్ష్యం చేశారేమో’ అనుకోకండి. ఒకవేళ తిరగబెట్టినా, చిన్నగా ఉండగా పట్టుకుంటే మళ్లీ ఆపరేషన్, సూదితో కాల్చే అబ్లేషన్, రక్తనాళం ద్వారా మందు పంపే కీమో ఎంబొలైజేషన్, కొందరికి కాలేయ మార్పిడి కూడా ఉన్నాయి. స్కాన్లు తప్పనివ్వొద్దని ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

ఇక మాత్రలు. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్ మాత్ర కాలేయాన్ని పాడుచేస్తుందన్న భయం మా ఓపీల్లో రోజూ వినేదే. మందు చీటీతో వచ్చే కాగితంలో కాలేయం గురించి హెచ్చరిక చదివి ఆపేస్తారు. సిరోసిస్ బాగా ముదిరి కామెర్లు, నీరు ఉన్నవాళ్లలో జాగ్రత్త అవసరమే. ఫైబ్రోసిస్ రెండో దశలో ఉన్న వ్యక్తికి ఆ మాత్ర ఆపాల్సిన పని మామూలుగా ఉండదు. పైగా స్టాటిన్ వాడేవాళ్లలో కాలేయ కేన్సర్, అది తిరగబెట్టడం తక్కువగా ఉన్నట్టు పరిశీలనల్లో తేలింది. కేన్సర్ మందుగా దాన్ని ఇచ్చేంత రుజువు ఇంకా లేదు. గుండె కోసం మాత్రం కావాలి. కొవ్వు కాలేయం ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండె జబ్బే. కేన్సర్ గండం గట్టెక్కి, మాత్ర మానేసి గుండెపోటు తెచ్చుకుంటే ఏం లాభం? ఆయన డాక్టరుకు ఫోన్ చేసి, లివర్ ఫంక్షన్ పరీక్ష చూపించి మళ్లీ మొదలుపెట్టించండి. షుగర్ మాత్రలు సొంతంగా ఆపడం అంతకన్నా ప్రమాదం. ఏది ఉంచాలి, ఏది మార్చాలి అన్నది కిడ్నీ, లివర్ రిపోర్టులు చూసి డాక్టరు చెప్తారు. ఇన్సులిన్ అవసరమంటే భయపడి వాయిదా వేయకండి.

షుగర్ అదుపులో ఉందో లేదో తెలుసుకోవడానికి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) ఒక్కదాన్నే నమ్మొద్దు. ఆపరేషన్‌లో రక్తం పోయి, రక్తం ఎక్కించుకుని, రక్తహీనత ఉన్న మనిషిలో ఆ అంకె కొన్ని నెలలు తప్పుదారి పట్టిస్తుంది. వారంలో కొన్ని రోజులు పరగడుపున, భోజనమైన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసి ఒక నోట్‌బుక్‌లో రాయండి. డాక్టరుకు ఆ పేజీలే ఎక్కువ పనికొస్తాయి.

బరువు గురించి కాస్త ఓపిగ్గా ఆలోచించాలి. కొవ్వు కాలేయానికి బరువు తగ్గడమే అసలు మందు. ఉన్న బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో వాపు, కొంతమందిలో గట్టిపడటం కూడా తగ్గుతాయి. కానీ పెద్ద ఆపరేషన్ అయిన అయిదు నెలలకు మనిషి మొదట పోగొట్టుకునేది కండ. పొట్ట అలాగే ఉండి తొడలు, భుజాలు సన్నబడితే త్రాసు మీద బరువు తగ్గినట్టే కనిపిస్తుంది, అది మంచికి కాదు. ఇంట్లోనే చూడండి: నాన్నగారు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి వరసగా అయిదుసార్లు లేచి కూర్చోగలుగుతున్నారా? ఆయాసపడుతూ చేతులు ఆనిస్తుంటే ముందు కండ పెంచాలి. కాలేయ జబ్బని ప్రొటీన్లు మాన్పించడం పాతకాలపు పొరపాటు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. కిడ్నీ జబ్బు ఉంటే ఆ లెక్క మారుతుంది కాబట్టి డైటీషియన్‌ను అడగండి. ఉపవాసాలు, ఒక్క పూట తిండి లాంటివి ఇప్పుడు వద్దు. నడకను మెల్లగా పెంచుకుంటూ వారానికి 150 నిమిషాలకు చేర్చండి. దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాల వ్యాయామం. కోత పెట్టిన చోట హెర్నియా రాలేదని సర్జన్ చూసి సరేనన్నాకే బరువులెత్తాలి. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్ల గురించి అడుగుతారేమో. కాలేయంలో వాపు తగ్గించడానికి అవి పనికొస్తున్నాయి. కేన్సర్ తిరగబెట్టకుండా ఆపుతాయని మాత్రం ఇప్పుడే చెప్పలేం. కండ కోలుకోకముందే మొదలుపెట్టడం నాకు ఇష్టం ఉండదు.

మద్యం అలవాటు లేదన్నారు, అలాగే ఉండనివ్వండి. ‘కొద్దిగా అయితే పర్లేదు’ అనే లెక్క ఈ కాలేయానికి లేదు. చక్కెర పానీయాలు మానిపించండి. చక్కెర లేని కాఫీ తాగే అలవాటుంటే తాగనివ్వండి, కాలేయానికి అది మేలే చేస్తున్నట్టు కనిపిస్తోంది. లివర్ టానిక్‌లు, మూలికా పొడులు, ఎవరో పంపిన కషాయాలు ఇంట్లోకి రానివ్వకండి. వాటివల్లే కామెర్లొచ్చి చేరేవాళ్లను చూస్తూనే ఉంటాం. ఒళ్లు నొప్పులకు డిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోనివ్వొద్దు. పారాసిటమాల్ పర్లేదు కానీ రోజుకు ఎంత వరకో డాక్టరును అడిగి పెట్టుకోండి.

కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, నల్లటి విరేచనం అయినా, చలితో జ్వరం వచ్చినా, మాట తడబడి మత్తుగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీరు అడగలేదు కానీ మీ గురించీ ఒక మాట. ఈ కేన్సర్ తండ్రి నుంచి నేరుగా పిల్లలకు రాదు. షుగర్, కొవ్వు కాలేయం మాత్రం కుటుంబాల్లో నడుస్తాయి. మీరు, మీ తోబుట్టువులు పరగడుపు షుగర్, లిపిడ్ ప్రొఫైల్, లివర్ ఫంక్షన్, ప్లేట్‌లెట్ల పరీక్షలు ఒకసారి చేయించుకోండి. తేడా ఉంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయాలో లేదో మీ డాక్టరు చెప్తారు.