లోను తీసుకునే ముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కావలిలో పిప్పరమెంట్ల యూనిట్ పెడుతున్నావనీ, మొత్తం ఆటోమేటిక్ లైనుకు లోను అడుగుతున్నావనీ అక్క చెప్పింది. లోను వద్దనను. కానీ ఆ డబ్బంతా ఒకేసారి మిషన్లలో పోయకు. ముందు బిళ్ళలకు కాగితం చుట్టే మిషన్ ఒక్కటి తెచ్చుకో. చేత్తో చుట్టిస్తే మనుషుల పొద్దంతా దానికే పోతుంది. పైగా ఆలస్యమయ్యే కొద్దీ బిళ్ళకు గాలి తగిలి జిగురు పడుతుంది.

పాకం మాత్రం మొదట్లో నువ్వే కాచు. ఉత్త చక్కెర కాచితే చల్లారాక మళ్ళీ పలుకు పడుతుంది, అందుకే లిక్విడ్ గ్లూకోజ్ కలుపుతాం. గట్టి బిళ్ళకు పాకం 145 నుంచి 150 డిగ్రీలదాకా రావాలి. థర్మామీటరు చూడు, అయినా ఒక చుక్క చన్నీళ్ళలో వేసి నొక్కు. వంగిందంటే ఇంకా నీరుంది. టక్కున విరిగితే దించెయ్, లేకుంటే రంగు మారి మాడు వాసనొస్తుంది. నిమ్మ ఉప్పు, ఎసెన్సు పొయ్యి మీదుండగా వెయ్యకు. ఆ వేడికి పులుపు చక్కెరను విరగ్గొడుతుంది, తర్వాత బిళ్ళ తేమ పీల్చుకుంటుంది. ఎసెన్సేమో ఆవిరైపోతుంది. పాకం బండ మీద పోసి, కాస్త చిక్కబడ్డాక కలుపు.

బండ మీద అంచులు ముందు గట్టిపడతాయి. వాటిని నడిమికి మడుస్తూ ముద్ద చెయ్యాలి. వేడి తగ్గకముందే బిళ్ళలు అచ్చువేసే రోలర్‌కిస్తే దాని డైకి, అంటే అచ్చుకి, అంటుకుంటుంది, మరీ చల్లారితే బిళ్ళ పగులుతుంది. ఎప్పుడివ్వాలో బండ దగ్గరున్న మనిషికే తెలుస్తుంది. మిషన్ తిప్పేవాడికి ఎక్కువ కూలి, బండ దగ్గరవాడికి తక్కువ కూలి ఇచ్చే ఓనర్లున్నారు. నువ్వా పని చెయ్యకు.

జీళ్ళు కూడా వేస్తావటగా, మంచిదే. రొట్టెల పండగకు నెల్లూరొచ్చే జనం ఊరికే పోరు. బెల్లం పాకాన్ని మేకుకు తగిలించి లాగితే గాలి చేరి తెల్లబడుతుంది, కానీ ఆ లాగుడుకు భుజాలు పడిపోతాయి. దానికి మాత్రం మొహమాటపడకుండా మిషన్ పెట్టు.

మనది సముద్రపు గాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిందంటే విడి బిళ్ళలు గంటల్లోనే అంటుకుంటాయి. ప్యాకింగ్ గది చిన్నదైనా సరే, తలుపులు మూసి ఏసీ వేసేలా కట్టించు. షెడ్డుకు రంగులు తర్వాత వేసుకోవచ్చు.

పాకం ఒంటి మీద పడితే మరిగే నీళ్ళకంటే ఘోరంగా కాలుతుంది, అతుక్కుని వదలదు. దాన్ని పీకనివ్వకు. వెంటనే చన్నీళ్ళ కుళాయి కింద చెయ్యి పెట్టించి, ఆసుపత్రికి తీసుకుపో. రోలర్ దగ్గర చున్నీలు, వేలాడే కొంగులు వద్దని ఆడవాళ్ళకు మొదటి రోజే చెప్పు. చెయిన్‌కు మూత లేని సెకండ్‌హ్యాండ్ రోలర్ ఎంత చౌకగా వచ్చినా కొనకు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాగితాలు, అదే తినే సరుకు తయారీకి తీసుకోవాల్సిన అనుమతి, ఇప్పుడే మొదలుపెట్టు. మిషన్ చూడ్డానికి పోయేటప్పుడు ఒక ఫోన్ కొట్టు, నేనూ వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య