పర్యావరణ ప్రచారమే నా వృత్తి అంటోంది మా అమ్మాయి... ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ రెండో ఏడాది చదువుతోంది. మొక్కలు నాటడం, ర్యాలీలు, సంతకాల సేకరణ ఎక్కడ జరిగినా ముందుంటుంది. చదువయ్యాక పర్యావరణం కోసం ప్రచారం చేసే సంస్థల్లోనే పనిచేస్తానని పట్టుబడుతోంది. అసలు అది ఉద్యోగమేనా? పీజీలో ఏం చదివితే మంచిది? ఇప్పటినుంచే ఏం నేర్చుకోవాలి? గొడవల్లో ఇరుక్కుంటుందేమోనని భయంగా కూడా ఉంది. – ఒక తల్లి

జవాబు: ఉద్యోగమేనండీ. నియామక పత్రం, జీతం, సెలవులు అన్నీ ఉండే ఉద్యోగమే. కాకపోతే మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నదీ, రేపు జీతానికి చేయాల్సిందీ ఒకటి కాదు. ర్యాలీలో నడవడం వేరు. ఆ ర్యాలీ ఎందుకు జరగాలి, ఏ రోజు జరగాలి, ఎవరి ఆఫీసు ముందు జరగాలి, మర్నాడు ఏం చేయాలి అన్నది తేల్చడం వేరు. సంస్థలు జీతమిచ్చేది ఈ రెండో పనికి. తనకు ఇష్టమున్నది ఆ పనిలోనా, కాదా అన్నది ముందు తేలాలి. తేల్చుకునే దారి కింద చెబుతాను.

కొత్తగా వచ్చేవాళ్లంతా చెప్పే మాట ఒకటుంది: ‘ప్రజల్లో అవగాహన కల్పిస్తాం’ అని. మంచి మాటే, కానీ అది లక్ష్యం కాదు. ప్రచారమంటే ఒక నిర్ణయాన్ని మార్పించడం. ఏ నిర్ణయం, దాని మీద సంతకం పెట్టేదెవరు, ఎప్పటిలోగా పెడతారు? ఈ మూడింటికీ ఒక్కో వాక్యంలో జవాబు రాకపోతే ప్రచారం ఇంకా మొదలు కానట్టే. 1974లో మోలినా, రోలాండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, స్ప్రే డబ్బాల్లో, ఫ్రిజ్‌లలో వాడే సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని హెచ్చరించారు. అప్పుడు అమెరికాలో పర్యావరణ సంఘాలు ఆకాశమంత నినాదం ఎత్తుకోలేదు. ఇంటింటా కనిపించే స్ప్రే డబ్బాను పట్టుకున్నాయి. 1978లో ఆ దేశం స్ప్రే డబ్బాల్లో చాలావరకు సీఎఫ్‌సీలను నిషేధించింది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి బయటపడ్డాక, 1987 సెప్టెంబర్ 16న, ఓజోన్‌ను దెబ్బతీసే పదార్థాలను తగ్గించేందుకు దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. చిన్న, స్పష్టమైన కోరికతో మొదలుపెట్టినందువల్ల పెద్ద కోరికకు నేల సిద్ధమైంది.

ఓపిక సంగతి కూడా తనకు ముందే తెలియాలి. పెట్రోల్‌లో సీసం కలపడాన్ని ప్రపంచమంతటా ఆపించేందుకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం నడిపిన భాగస్వామ్యం 2002లో మొదలైంది. చిట్టచివరి దేశమైన అల్జీరియా బంకుల్లో అది ఆగింది 2021లో. ఒక్క పదార్థాన్ని ఆపడానికి 19 ఏళ్లు!

ఈ రంగంలో ఉద్యోగాలు ఒక్క రకం కాదు. పరిశోధకులు నివేదికలు చదివి, లెక్కలు తీసి, ఆధారాలు కూర్చుతారు. న్యాయ విభాగం అనుమతులను, గడువులను, కేసులను చూస్తుంది. ఆర్గనైజర్లు ప్రభావిత ప్రాంతాల్లో మనుషులను కూడగడతారు. మీడియా, సోషల్ మీడియా చూసేవాళ్లు వేరు, విరాళాలూ గ్రాంట్లూ తెచ్చేవాళ్లు వేరు. వీళ్లందరి పనినీ ఒక తాటి మీద నడిపించేవారే క్యాంపెయినర్. ఆ కుర్చీలో నేరుగా కూర్చోబెట్టడం తక్కువ, మొదట పై పనుల్లో ఏదో ఒకటి చేతికి వస్తేనే అక్కడికి దారి. కంపెనీల్లో ఉండే సస్టైనబిలిటీ (కంపెనీ వల్ల పర్యావరణానికి హాని తగ్గించే) ఉద్యోగాలను దీంతో కలపకండి. అవీ అవసరమైనవే, కానీ అక్కడ యజమానిని బహిరంగంగా నిలదీసే పని ఉండదు.

అందుకే పీజీ విషయంలో నా సలహా కాస్త మొండిగా ఉంటుంది. పేరులో ‘పర్యావరణం’ ఉందని ఏ కోర్సులోనూ చేర్చకండి. సిలబస్ తెప్పించి నాలుగు చూడండి: గణాంకశాస్త్రం కనీసం రెండు పేపర్లుందా, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, స్థల సమాచారం విశ్లేషించే పద్ధతి) ప్రాక్టికల్‌గా నేర్పుతారా, సొంతంగా డేటా సేకరించే ఫీల్డ్‌వర్క్ ఉందా, పర్యావరణ చట్టాల పేపర్ ఉందా. మూడైనా ఉంటే సరే. లేకపోతే దానికన్నా న్యాయశాస్త్రమో, గణాంకశాస్త్రమో, ఆర్థికశాస్త్రమో, జర్నలిజమో చదివి పర్యావరణానికి వాడుకోవడం మేలు. ఈ సంస్థల్లో ప్రకృతి మీద ప్రేమ ఉన్నవాళ్లకు కొదవలేదు, అయిదొందల పేజీల నివేదికలో తప్పు పట్టుకోగలిగినవాళ్లకే కొరత. పైగా గ్రాంట్ ఆగిపోయి ఉద్యోగం పోయినా ఆ నైపుణ్యం ఇంకోచోట అన్నం పెడుతుంది.

ఆ తప్పు పట్టుకోవడమెలాగో ఇప్పటినుంచే సాధన చేయొచ్చు. పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక తయారుచేస్తారు, చాలా దేశాల్లో అది అందరికీ అందుబాటులో ఉంటుంది. దాన్ని మొదటి పేజీ నుంచి చదవక్కర్లేదు. ముందు నీటి లెక్క చూడాలి: రోజుకు ఎన్ని ఘనపు మీటర్లు తీసుకుంటారు, ఎక్కడినుంచి, ఎంత బయటికి వదులుతారు. ఒక ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు, కాబట్టి 2,000 అని రాసి ఉంటే రోజుకు 20 లక్షల లీటర్లు. ఎండాకాలంలో కూడా ఆ వనరు అంత ఇవ్వగలదా అన్నదే మొదటి ప్రశ్న. తర్వాత జంతువులు, మొక్కల సర్వే ఏ నెలల్లో జరిగిందో చూడాలి. వానాకాలం ఊసే లేకుండా చేసిన సర్వేలో కప్పలు ఎలా కనిపిస్తాయి? ఆపైన ప్రత్యామ్నాయాల అధ్యాయం. ఇంకో స్థలాన్ని, ఇంకో పద్ధతిని నిజంగా పోల్చారా, లేక రెండు పేరాలతో సరిపెట్టారా అన్నది అక్కడ తెలిసిపోతుంది. అచ్చంగా ఇంకో ప్రాజెక్టు నివేదికలోని వాక్యాలే ఇందులో కనిపిస్తే, రెండిటి పేజీలూ పక్కపక్కనే పెట్టి చూపడం కంటే బలమైన అభ్యంతరం ఉండదు.

ఉపగ్రహ చిత్రాలూ చేతిలోనే ఉన్నాయి. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల చిత్రాలు ఉచితం, స్పష్టత 10 మీటర్లు, సుమారు అయిదు రోజులకోసారి కొత్తవి వస్తాయి. పాత కాలం కావాలంటే 1972 నుంచి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలున్నాయి. వాటిని క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవొచ్చు. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే, ఒక ఏడాది వర్షాల తర్వాతి చిత్రాన్ని మరో ఏడాది ఆకురాలు కాలం చిత్రంతో పోల్చి ‘అడవి పోయింది’ అనడం. ఎప్పుడూ ఒకే నెలను ఒకే నెలతో పోల్చాలి. ఒక్కో చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు నేలను చూపిస్తుంది గనక ఒంటి చెట్టు కొట్టేయడం అందులో కనబడదు. దానికి నేల మీద తీసిన ఫొటో, తేదీ, స్థాన వివరం కావాలి.

గాలి కొలతల్లోనూ ఇలాంటి ఉచ్చులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 15 దాటకూడదు. ఒక్కరోజు కొలతను వార్షిక పరిమితితో పోల్చి పోస్టర్ వేస్తే ఎదుటి పక్షం నిపుణుడు ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తాడు. చవక సెన్సర్లు గాలిలో తేమ బాగా ఉన్నప్పుడు ఎక్కువ చూపిస్తాయి, ఎందుకంటే ధూళి కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. గాలిని కొలిచే అధికారిక కేంద్రం పక్కన కనీసం రెండు వారాలు ఉంచి, తేడా ఎంతో రాసుకున్నాకే వాటి అంకెలు వాడాలి.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక్క తప్పు అంకె గెలిచిన ప్రచారానికి కూడా మచ్చ తెస్తుంది. 1995లో ఉత్తర సముద్రంలోని బ్రెంట్ స్పార్ అనే చమురు నిల్వ కట్టడాన్ని లోతు సముద్రంలో ముంచేయాలని షెల్ కంపెనీ అనుకుంది. గ్రీన్‌పీస్ అనే అంతర్జాతీయ పర్యావరణ సంస్థ ఉద్యమంతో జూన్‌లో ఆ ఆలోచన మానుకుంది. కానీ అందులో 5,500 టన్నుల చమురు ఉందని గ్రీన్‌పీస్ చెప్పిన లెక్క తప్పు. నమూనా తీసిన పరికరం ట్యాంకులోకి దిగకుండా, దానికి వెళ్లే గొట్టంలోనే ఆగిపోయింది. సెప్టెంబర్‌లో ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. సముద్రాన్ని చెత్తకుండీ చేయొద్దన్న అసలు వాదన సరైనదే, అయినా ఇప్పటికీ ఆ ఉద్యమం పేరెత్తితే ముందు ఆ అంకె గుర్తుచేస్తారు. క్షమాపణ చెప్పడం మాత్రం సరైన పని, అది కూడా ఈ వృత్తిలో నేర్చుకోవాల్సిందే.

ఇక తేల్చుకునే దారి. ఒక సెమిస్టర్‌లో, అంటే ఆరు నెలల్లో, కాలేజీ స్థాయిలోనే ఒక చిన్న ప్రచారం మొదటినుంచీ చివరిదాకా తననే నడపమనండి. ఉదాహరణకు, క్యాంటీన్‌లో ఒక్కసారి వాడి పారేసే ప్లేట్లు, కప్పులు ఆపించడం. మొదట వారం రోజులు చెత్తను తూకం వేయాలి: చేతులకు గ్లౌజులు, మూతికి మాస్కు, ఒక తూకం కాటా, రకానికో సంచి. రోజూ ఒకే సమయానికి తూచాలి. పరీక్షల వారమో, కాలేజీ ఉత్సవాల వారమో ఎంచుకుంటే లెక్క చెడిపోతుంది. తర్వాత ఒక కాగితం మీద అడ్డగీత, నిలువుగీత గీసి, ఎవరు అనుకూలం, ఎవరు వ్యతిరేకం అన్నది అడ్డంగానూ, ఎవరి మాట చెల్లుతుంది అన్నది నిలువుగానూ గుర్తించాలి. ప్రిన్సిపాల్ గారు అనుకూలమే, కానీ క్యాంటీన్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది వేరొకరు అని ఇక్కడే బయటపడుతుంది. చాలా ప్రచారాలు తప్పు మనిషికి వినతిపత్రం ఇచ్చి నెలల తరబడి ఎదురుచూస్తూ చతికిలబడతాయి.

సంతకాల కంటే ముందు ముప్పై మందితో ఒక్కొక్కరితో విడిగా, ఇరవై నిమిషాలు కూర్చుని మాట్లాడాలి. అందులో ముప్పావు వంతు సమయం వినడానికే. ప్లేట్లు కడిగే మనిషికి పని పెరుగుతుందన్న సంగతి పోస్టర్ గీసేటప్పుడు ఎవరికీ తోచదు, ఆమెతో మాట్లాడితేనే తెలుస్తుంది. ఆ సమస్యకు దారి చూపని కోరిక న్యాయమైనదీ కాదు, నిలిచేదీ కాదు. అధికారిని కలిసేటప్పుడు ఒక పేజీ నోట్, అందులో ఒకే కోరిక, ఒక గడువు. అయిదు కోరికలు పెడితే వాటిలో అన్నిటికన్నా తేలికైనది ఒప్పుకుని ఫొటో దిగి పంపించేస్తారు. వినతిపత్రానికి తేదీతో రశీదు తీసుకోవాలి. మాట్లాడుకున్నదాన్ని ఆ మర్నాడే రాతపూర్వకంగా పంపాలి. నోటిమాట ఒప్పందాలు ఆ అధికారి బదిలీతోపాటే వెళ్లిపోతాయి.

మొక్కలు నాటడం తనకిష్టం అన్నారు కాబట్టి ఒక్క మాట. నాటిన సంఖ్యను కాదు, బతికిన సంఖ్యను లెక్కపెట్టమనండి. కెన్యాలో 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టిన వంగారి మాథాయి, గ్రామీణ మహిళలకు బతికిన ప్రతి మొక్కకూ కొద్ది మొత్తం ఇచ్చే పద్ధతి పెట్టారు. దాంతో నాటినవాళ్లే నీళ్లు పోశారు. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఆరు నెలలయ్యాక ప్రచారం గెలిచినా ఓడినా నాలుగు పేజీల నివేదిక రాయాలి: ఏం అడిగాం, ఏం అంచనా వేశాం, ఎక్కడ తప్పాం. ఇంటర్వ్యూల్లో అన్ని ర్యాలీల జాబితా కన్నా ఆ నాలుగు పేజీలకే విలువ. ‘ఓడిపోయిన ప్రచారం గురించి చెప్పండి’ అని అడిగితే చెప్పడానికి నిజమైన జవాబు ఉంటుంది. ఆ ఆరు నెలల్లో తూకాలు, ఫోన్లు, రశీదులు విసుగనిపించి, వేదిక ఎక్కిన రోజు మాత్రమే సంతోషమనిపిస్తే, ఈ ఉద్యోగం తనకు సరిపడదు. వేరే ఉద్యోగం చేస్తూ వాలంటీరుగా ఉండొచ్చు, దానికీ గౌరవం తక్కువేం కాదు.

జీతాల విషయంలో దాచడం ఎందుకు? ఇదే అర్హతకు ప్రైవేటు కంపెనీలిచ్చే దానికన్నా తొలి ఏళ్లలో సాధారణంగా తక్కువే. ఉద్యోగాలు తరచూ గ్రాంట్‌కు ముడిపడి, ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టుగా ఉంటాయి. చేరేముందు ఆ సంస్థ వార్షిక నివేదిక, ఆడిట్ అయిన లెక్కలు చూడండి. ఒకే దాత మీద నడుస్తోందా? ఎవరి మీద ప్రచారం చేస్తుందో వారి దగ్గరే డబ్బు తీసుకుంటోందా? ఈ రెండోది ఉంటే చేరకపోవడమే మంచిది.

భయం గురించి. ప్రమాదమే లేదనడం అబద్ధమవుతుంది. అమెజాన్ అడవి కోసం నిలబడిన బ్రెజిల్ రబ్బరు కార్మిక నాయకుడు చికో మెండెస్‌ను 1988 డిసెంబర్ 22న ఆయన ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ప్రమాదం అన్ని పనుల్లో ఒకేలా ఉండదు. భూమి, గనులు, కలప తగాదాలున్న చోట అక్కడివాళ్లకే అన్నిటికన్నా ఎక్కువ. ఆఫీసులో నివేదికలు రాసే పరిశోధకురాలికి చాలా తక్కువ. మంచి సంస్థలు ఫీల్డుకు ఎవరినీ ఒంటరిగా పంపవు, బయల్దేరిన వేళ, తిరిగొచ్చే వేళ రాసుకుంటాయి, అనుకున్న వేళకు ఫోన్ రాకపోతే ఎవరు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకుంటాయి. పరువునష్టం కేసు పడితే ఖర్చు, లాయరు సంస్థవే. వ్యక్తుల మీద ఆరోపణ ఉన్న ప్రతి వాక్యాన్నీ ప్రచురణకు ముందు లాయరు చూస్తారు. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు కదా, అప్పుడు ఇవన్నీ అడగమనండి. జవాబు తడుముకుంటే, ఆ ఉద్యోగం ఎంత ఇష్టమైనదైనా సరే, ఇంకో సంస్థకు దరఖాస్తు పెట్టడమే మంచిది.